మన ఊరి డాక్టరు ఎప్పుడు నిద్రపోవాలి?

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు, దేశంలో యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలి అన్నప్పుడు మన ఐటీ జనం చేసిన గోల గుర్తుందా? కాంటీన్‌లో అదే, కేబ్‌లో అదే, వాట్సాప్ గ్రూపుల్లో అదే. వారం రోజులు పని మానేసి మరీ పనిగంటల గురించి కొట్టుకున్నాం :)

సరిగ్గా పది నెలల తరవాత, 2024 ఆగస్టులో, జాతీయ వైద్య కమిషన్ (అదే, ఎన్ఎంసీ) వేసిన ఒక టాస్క్‌ఫోర్స్ నివేదిక ఇచ్చింది. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి. అందులో ఒక సిఫారసు ఏమిటంటే, రెసిడెంట్ డాక్టర్ల చేత వారానికి 74 గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన 24 గంటలు దాటకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి.

ఇంకోసారి చదవండి. మనకు 70 అంటే దౌర్జన్యం. వాళ్ళకు 74 అంటే ఊరట. అది కూడా సిఫారసు మాత్రమే.

ఈ నివేదిక గురించి మన గ్రూపుల్లో ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదు. మనది కాని విషయం అనుకున్నాం కాబోలు. కానీ మనదే. మనలో సగం మంది అమ్మా బాపులు కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో, నిర్మల్‌లోనో, మంచిర్యాలలోనో ఉన్నారు. మనమేమో హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో. రాత్రి మూడింటికి వాళ్ళకు ఛాతీలో నొప్పొస్తే ముందుగా చెయ్యి పట్టుకుని చూసేది మనం కాదు, పెద్ద డాక్టరు గారూ కాదు. డ్యూటీలో ఉన్న జూనియర్. ఆ జూనియర్ నిద్రపోయి ఎన్ని గంటలైంది అన్నది మన ఇంటి విషయమే కదా.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకునే ఇంజినీర్ని. వైద్యం గురించి పాఠాలు చెప్పను. పని ఎలా పంచుతారు, మనుషుల్ని ఎలా తయారు చేస్తారు అనేదాని గురించి మాత్రమే రాస్తాను. అది మనకీ కొంచెం తెలిసిన విషయమే.

ముందు అసలు మనకు కావలసిన డాక్టరు ఎవరో చూద్దాం.

మా అమ్మకు బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు. జగిత్యాల దగ్గర పల్లె మాది. ఇంట్లో నాలుగు ప్లాస్టిక్ కవర్లున్నాయి, ఒక్కో కవర్లో ఒక్కో స్పెషలిస్టు రాసిన చీటీలు, ఒక్కో మందుల పట్టీ. గుండె డాక్టరుకు మోకాళ్ళ డాక్టరు ఏం రాశాడో తెలియదు. మోకాళ్ళకు రాసిన నొప్పి మాత్రలు రోజూ మింగితే బీపీ పెరగొచ్చు, కిడ్నీల మీద భారం పడొచ్చు అన్న సంగతి ఆ నాలుగు కవర్లనీ ఒకేసారి ముందేసుకుని చూసే మనిషి ఉంటే గదా తెలిసేది. ఆ మనిషి మన దగ్గర లేడు. ఇటు ఊళ్ళో ఆరెంపీ, అటు కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో సూపర్ స్పెషలిస్టు. మధ్యలో ఖాళీ. జరం వస్తే ఒక సూది, ఒక గ్లూకోజ్ సీసా. అది తగ్గకపోతే ఏకంగా కార్పొరేట్ దవాఖాన.

అమెరికాలో ఉన్న మిత్రులకు ఈ మనిషెవరో తెలుసు. ఇన్సూరెన్స్ తీసుకోగానే ప్రైమరీ కేర్ ఫిజీషియన్ని ఎంచుకోమంటారు కదా, ఆయనే. ఎక్కువసార్లు ఆయన ఫ్యామిలీ మెడిసిన్ చదివిన డాక్టరు. పిల్లల జలుబు, ఆవిడ గర్భం, అయ్య షుగర్, తాతకు నిద్ర పట్టకపోవడం, అన్నీ ఆయనే చూస్తాడు, తన వల్ల కానిదేదో గుర్తుపట్టి పైకి పంపుతాడు. ఇదేదో ఎంబీబీఎస్ తరవాత వేరే సీటు రాక చేసే పని కాదు. అమెరికాలో 1969లోనే దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు, మూడేళ్ళ రెసిడెన్సీ ఉంటుంది. మన ఉస్మానియా, గాంధీ, కాకతీయ కాలేజీల్లో చదివి వెళ్ళిన తెలుగు డాక్టర్లు కూడా ఎందరో ఈ రెసిడెన్సీ చేసి అక్కడి చిన్న చిన్న ఊళ్ళలో ఫ్యామిలీ డాక్టర్లుగా పనిచేస్తున్నారు. మన వాళ్ళు మన ఊళ్ళకు తప్ప అన్ని ఊళ్ళకూ దొరుకుతున్నారన్న మాట.

మన ప్రభుత్వాలకు ఇది తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. 2002 జాతీయ ఆరోగ్య విధానంలోనే రాశారు, పీజీ సీట్లలో క్రమంగా నాలుగో వంతు ప్రజారోగ్యానికీ ఫ్యామిలీ మెడిసిన్‌కీ కేటాయించే స్థితికి చేరుకోవాలని. నాలుగో వంతు! 2016లో పార్లమెంటు స్థాయీ సంఘం, మెడికల్ కౌన్సిల్ మీద ఇచ్చిన నివేదికలో, అన్ని మెడికల్ కాలేజీల్లో ఈ విభాగం తేవాలని చెప్పింది. కేరళలో కోజికోడ్ ప్రభుత్వ కాలేజీ ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. నేషనల్ బోర్డు వాళ్ళ మూడేళ్ళ డీఎన్‌బీ కోర్సు ఎప్పట్నుంచో ఉంది, 2020 నుంచి రెండేళ్ళ డిప్లొమా కూడా తెచ్చారు. అంటే కాగితం మీద అన్నీ ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ 2002లో సంతకమైంది, డెలివరీ మాత్రం ఇంకా పెండింగ్.

ఇప్పుడు మన వైపుకు వద్దాం. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో 2008కి ముందు ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ లేదు. కరీంనగర్‌లో ప్రతిమ, చల్మెడ అని రెండు ప్రైవేటు కాలేజీలుండేవి, అంతే. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. లెక్కపెట్టండి, ఎనిమిది. 2016లో ఆ రెండు పాత జిల్లాల నుంచి ప్రధానంగా ఏర్పడ్డవి కూడా ఎనిమిది జిల్లాలే. జిల్లాకో కాలేజీ! పదిహేనేళ్ళలో ఇంత మార్పు చిన్న విషయం కాదు, ఏ పార్టీ చేసినా మెచ్చుకోవాల్సిందే.

కానీ బిల్డింగు కట్టడం వేరు, చెప్పేవాళ్ళను తేవడం వేరు. అధ్యాపకుల కొరత గురించి 2025లో ఎన్ఎంసీ తెలంగాణలోని చాలా ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు నోటీసులిచ్చింది. ప్రొఫెసర్లు లేని చోట పని ఆగదు కదా, రోగులు వస్తూనే ఉంటారు. మరి ఆ పని ఎవరి మీద పడుతుంది? చేతికందేవాడి మీద. ఎదురు చెప్పలేనివాడి మీద. అంటే రెసిడెంట్ మీద.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. రెసిడెంట్ అంటే ఎంబీబీఎస్ అయిపోయి, పీజీ చదువుతూ ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టరు. జీతం అడిగితే "నువ్వు విద్యార్థివి, ఇది స్టైపెండ్" అంటారు. సెలవు అడిగితే "నువ్వు డాక్టర్‌వి, రోగుల్ని వదిలేసి పోతావా" అంటారు. మన కంపెనీల్లో కొత్తగా చేరినవాడిని షాడో అని పెట్టుకుని, నేర్పించకుండా, ప్రొడక్షన్ సపోర్ట్ మొత్తం వాడి నెత్తిన వేసి, క్లయింటుకు మాత్రం సీనియర్ రేటు బిల్లు వేసినట్టు. అలాంటి ప్రాజెక్టులు మనకు తెలియనివి కావు. అక్కడ పేలేది సర్వరు. ఇక్కడ మనిషి.

మా చిన్నమ్మ కొడుకు ఒక ప్రభుత్వ దవాఖానలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాడు. (ఏ కాలేజీయో రాయను, వాడు అక్కడ ఇంకా ఏడాదిన్నర బతకాలి.) పోయిన దసరాకు ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని కునుకు తీశాడు. వారానికి ఎన్ని గంటలు చేస్తవురా అని అడిగితే, "లెక్కవెడితే ఏడుపొస్తదన్నా, అందుకే లెక్కవెట్టుడు బంద్ చేసిన" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "పేషెంట్ పేరు యాదికుంటలేదన్నా, బెడ్ నంబరే యాదికుంటది." ఆ ఇరవై ఏడేళ్ళ పిల్లగాడు ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరింటి బర్రె ఎప్పుడీనిందో కూడా చెప్పేవాడు. వాడి డ్యూటీలో సగం డాక్టరు పనే కాదు. రక్తం శాంపిళ్ళు ల్యాబుకు మోయడం, రిపోర్టుల కోసం తిరగడం, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించడం. ఈ పనులకు మనుషుల్ని పెట్టుకోవడం కన్నా పీజీ చేత చేయించడం చవక. అదీ సంగతి.

రూల్స్ లేవా? ఉన్నాయి. 1992లోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెసిడెన్సీ స్కీములో రాసింది, ఏకధాటి డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు దాటకూడదు, వంతులవారీగా వారానికో రోజు సెలవు ఉండాలి అని. అంటే నేను పుట్టక ముందటి రూల్! ఎన్ఎంసీ 2023 పీజీ నిబంధనలకొచ్చేసరికి పని గంటలు "సమంజసంగా" ఉండాలి, విశ్రాంతికి "సమంజసమైన" సమయం ఉండాలి అన్నారు. వారం సెలవు కూడా పని అవసరాలను బట్టి. ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు అని మాత్రం అంకె వేశారు. ప్రోగ్రామరుగా అడుగుతున్నా, "సమంజసం" అనేది ఏ డేటా టైపు? స్పెసిఫికేషన్లో అంకె ఉంటే టెస్ట్ చెయ్యొచ్చు. విశేషణం ఉంటే ఎవడికి నచ్చినట్టు వాడు అర్థం చెప్పుకోవచ్చు. 1992లో 12 అని ఉన్న అంకె 2023కి విశేషణమైపోయింది. టాస్క్‌ఫోర్స్ చెప్పిన 74కు నేను సంతోషపడేది అది తక్కువ అని కాదు, కనీసం అంకె అని.

ఇంకో పోలిక, మన ఊరిదే. గోదావరిఖనిలో బొగ్గు బాయి షిఫ్టు ఎనిమిది గంటలు. 1952 నాటి గనుల చట్టమే భూమి లోపల పనిచేసేవాడికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. సైరన్ మోగితే షిఫ్టు దిగాల్సిందే, అలసిపోయినోడు లోపలుంటే వాడికీ పక్కవాడికీ ప్రమాదం అని డెబ్భై ఏళ్ళ కిందటే ఒప్పుకున్నాం. ఇప్పుడు అదే ఊళ్ళో మెడికల్ కాలేజీ ఉంది. అలసిపోయిన డాక్టరు వల్ల పక్కవాడికి ప్రమాదం లేదా? దవాఖానలో సైరన్ ఎందుకు మోగదు?

ప్రమాదం ఉందా లేదా అన్నది నా ఊహ కాదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టారు, 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03 శాతం. అంటే నైట్ డ్యూటీ చివర్లో ఉన్న డాక్టరు హైదరాబాద్ రోడ్డు మీద పోలీసు గొట్టం ఊదాల్సిన స్థితిలో ఉన్నట్టు. ఆ చేత్తోనే సూది మోతాదు లెక్కపెడుతున్నాడు. 2004లో అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. 24 గంటలు దాటిన షిఫ్టులు చేసే ఇంటర్న్‌లు, షిఫ్టులు తగ్గించిన ఇంటర్న్‌ల కన్నా 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారు.

అమెరికా వాడికి కూడా ఈ జ్ఞానం ఊరికే రాలేదు. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరి గంటల్లోనే చనిపోయింది. చూసింది ఇద్దరు జూనియర్లు, సీనియర్ దగ్గర లేడు. ఆ పిల్ల తండ్రి జర్నలిస్టు, వదల్లేదు. ఏళ్ళ తరబడి పోరాడాడు. 1989లో న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటలు, ఏకబిగిన 24 గంటలు అని పరిమితి పెట్టింది. 2003లో అది దేశమంతటికీ వచ్చింది. 2017 కల్లా రెసిడెంట్ల క్షేమం కూడా శిక్షణ నిబంధనల్లోకి ఎక్కింది, డ్యూటీ వేళల్లో తన డాక్టరు దగ్గరికి తాను వెళ్ళడానికి వెసులుబాటుతో సహా.

ఎదుటి పక్షం కూడా చెప్పాలి. గంటలు తగ్గిస్తే చేతులు మారడం ఎక్కువై, చెప్పాల్సింది చెప్పకుండా ఇంటికెళ్ళిపోయి, రోగికి నష్టం అని పాత డాక్టర్లంటారు. అది నిజమైన సమస్యే. ఆ తరవాత అమెరికాలోనే పెద్ద పోలికలు రెండు చేశారు, 2016లో సర్జరీ వాళ్ళ మీద, 2019లో మెడిసిన్ వాళ్ళ మీద. షిఫ్టు పొడవును కాస్త సడలిస్తే రోగుల మరణాలేమీ పెరగలేదు అని తేలింది. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ రెండింటిలోనూ వారానికి 80 గంటల గోడ అలాగే ఉంది, పైన సీనియర్ ఉన్నాడు. గోడే లేని చోట, పైన ఎవరూ లేని చోట ఏమవుతుందో ఆ పోలికలు చెప్పవు. ఇక చేతులు మారడం అంటారా, మనం ఇరవై ఏళ్ళుగా అమెరికా రాత్రిని హైదరాబాద్ పగటికి అప్పగిస్తున్నాం. రాతపూర్వకంగా హ్యాండోవర్ ఎలా చెయ్యాలో నేర్చుకోవచ్చు. నిద్ర లేకుండా ఎలా బతకాలో నేర్చుకోలేం.

ఈ కష్టం అన్ని బ్రాంచీల రెసిడెంట్లకూ ఉంది. మరి ఫ్యామిలీ మెడిసిన్ సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆ బ్రాంచిలో ఇది రెండింతలు. సర్జరీ పీజీకి ఒక డిపార్ట్‌మెంట్, ఒక బాసు, తన వాళ్ళు ఉంటారు. ఫ్యామిలీ మెడిసిన్ పీజీ మెడిసిన్‌లో కొన్ని నెలలు, పిల్లల వార్డులో కొన్ని నెలలు, కాన్పుల్లో, సర్జరీలో, ఎమర్జెన్సీలో ఇలా తిరుగుతూ ఉంటాడు. అన్ని ఇళ్ళకూ చుట్టమే, ఏ ఇంటికీ బిడ్డ కాదు. కేసు దొరికితే సొంత పీజీకి, రాతకోతలు దొరికితే చుట్టానికి.

ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. ఫ్యామిలీ డాక్టరు విద్య అంతా ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ చూడటంలో ఉంది. అమెరికాలో 2023 వరకూ ఉన్న నిబంధన ప్రకారం ఒక్కో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్ మూడేళ్ళలో తన క్లినిక్‌లో 1,650 సార్లు రోగుల్ని చూసి ఉండాలి. తన క్లినిక్ అంటే ఇవాళొక వార్డు, రేపొక వార్డు కాదు, తన పేరు మీద ఉన్న కుటుంబాలు. ఆదిలాబాద్ ఏజెన్సీలో దీనికి ఎంత అవసరం ఉందో ఆలోచించండి. వానాకాలం వస్తే జ్వరాలు, వాంతులు విరేచనాలు. గోండు, కొలాం గూడేల్లో రక్తహీనత, సికిల్ సెల్. పత్తి చేలల్లో పురుగుమందు, పాము కాట్లు. రిమ్స్ నుంచి కూడా పైకి పంపాలంటే హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ దాదాపు 200. ఇటు కరీంనగర్, జగిత్యాల వైపు వస్తే బీపీ షుగర్లు, బీడీలు చుట్టే ఆడవాళ్ళ దగ్గులు, సిరిసిల్ల మరమగ్గాల మధ్య బతుకులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ వెన్నునొప్పులు, వాళ్ళు రాని ఇళ్ళలో నిద్రపట్టని భార్యలు. వీటిలో చాలావాటికి ఆపరేషన్ లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. కానీ అది పెద్ద చికిత్సలకు డబ్బు కట్టే పథకం. నొప్పి మాత్ర ఆపమని చెప్పి కిడ్నీ కాపాడిన డాక్టరుకు అందులో ప్యాకేజీ లేదు.

ఇలాంటి చోట డాక్టరుకు కావలసిన మొదటి పరికరం స్టెతస్కోపు కాదు, ఓపిక. ముప్పై గంటలు మేలుకున్నవాడికి ఓపిక ఎక్కడిది? గోండి తప్ప వేరే భాష రాని ముసలమ్మ చెప్పుకొచ్చేది వినాలంటే ఇంకొకరి సాయం తీసుకుని, రెండుసార్లు అడిగి, ఆగాలి. పేరు గుర్తుండని డాక్టరు, బెడ్ నంబరు మాత్రమే గుర్తున్న డాక్టరు వార్డులో ఎలాగోలా నెట్టుకొస్తాడేమో గానీ, ఫ్యామిలీ డాక్టరు మాత్రం కాలేడు. అలసట వాడి ఆరోగ్యాన్నే కాదు, వాడి విద్యనే తినేస్తోంది.

2020లో జిల్లా రెసిడెన్సీ అని తెచ్చారు, ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచెయ్యాలి. ఆలోచన మంచిదే. కానీ అక్కడ నేర్పే సీనియర్ ఉంటే అది శిక్షణ, లేకపోతే ఖాళీ పోస్టుకు అతుకు.

ఇక క్షేమం అనగానే మన కాలేజీలకు తట్టేది ఒకటే, యోగా శిబిరం. మన కంపెనీల హెచ్ఆర్ కూడా ఇంతే అనుకోండి, రిలీజు వారంలో మెడిటేషన్ సెషన్ పెడతారు :) ఆ టాస్క్‌ఫోర్స్ సర్వేలో 5,337 మంది పీజీలు జవాబిచ్చారు. వాళ్ళలో 31 శాతం మంది గడిచిన ఏడాదిలో చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నారు. ఇష్టపడి జవాబిచ్చినవాళ్ళ సర్వే కాబట్టి అంకె అటూ ఇటూ కావచ్చు. సగం చేసినా భయంకరమే. దీనికి ప్రాణాయామం జవాబు కాదు. నా దృష్టిలో జవాబులు చాలా మామూలువి.

1. డ్యూటీ చార్టు బహిరంగంగా గోడ మీద ఉండాలి, నెల ముందు. ఎవరు ఎన్ని గంటలు చేశారో నెలాఖర్న అక్కడే రాయాలి. బయోమెట్రిక్ హాజరు కాలేజీల్లో ఉండనే ఉంది. ఆలస్యాన్ని పట్టుకునే యంత్రం అలసటను పట్టుకోలేదా? లోపలికొచ్చిన టైము, బయటికెళ్ళిన టైము తీసివేస్తే చాలు, ఫ్రెషర్ కూడా రాస్తాడు ఆ కోడు.

2. రాత్రి ఏ జూనియర్‌కైనా ఫోన్ చేస్తే ఎత్తే సీనియర్ పేరు అదే చార్టు మీద ఉండాలి. ఫోన్ చేసినందుకు పొద్దున తిట్లు ఉండకూడదు. మన దగ్గర రాత్రి ఎస్కలేషన్ చెయ్యనివాడిని తప్పు పడతాం, అక్కడ చేసినవాడిని తప్పు పడతారు.

3. స్టైపెండ్ ఒకటో తారీఖున పడాలి. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు మొదటి డిమాండ్లలో ఒకటి ఇదే. 2025లో 15 శాతం పెంచారు, సంతోషం. కానీ పెంపు కన్నా ముందు, రావాల్సింది రావాల్సిన రోజున రావడం ముఖ్యం. మనకు జీతం మూడు నెలలు ఆగితే ఏం చేస్తామో ఆలోచించండి.

4. గడియ పెట్టుకోగలిగే డ్యూటీ రూము, ఆడవాళ్ళకు వేరుగా. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ఒక పీజీ డాక్టరు సుదీర్ఘ డ్యూటీ మధ్యలో కాస్త పడుకుందామని సెమినార్ హాలుకు వెళ్ళి అత్యాచారానికి, హత్యకు గురైంది. దేశమంతా కొవ్వొత్తులు వెలిగించాం. గడియలు ఎన్ని బిగించాం?

5. మనసు బాగోకపోతే చెప్పుకోవడానికి, మార్కులు వేసే ప్రొఫెసర్‌తో సంబంధం లేని మనిషి ఉండాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు రెసిడెంట్లకే కాదు, మన క్యూబికల్స్‌లో కూడా పనికొస్తుంది, దాచుకోండి.

6. ఫ్యామిలీ మెడిసిన్ కోసం ప్రత్యేకంగా ఒకటి. ఈ ఎనిమిది కాలేజీల్లో ముందు రెండింటిలో, ఒకటి ఆదిలాబాద్ వైపు, ఒకటి కరీంనగర్ వైపు, ఒక చిన్న విభాగం పెట్టాలి. ఒక్కో రెసిడెంట్‌కు ఒక్కో పీహెచ్‌సీని ముడిపెట్టి, మూడేళ్ళూ వారానికో రోజు అదే ఊరికి, అదే కుటుంబాల దగ్గరికి పంపాలి. మిగతా రోజుల్లో ఏ వార్డులో ఉన్నా ఆ రోజు మాత్రం వార్డు వాడిని ఆపకూడదు. చదువయ్యాక ప్రభుత్వంలో ఆ డిగ్రీ పేరుతో పోస్టు ఉండాలి. పోస్టు లేని డిగ్రీని ఏ తల్లిదండ్రులు చదివిస్తారు?

"అసలే డాక్టర్లు తక్కువ, గంటలు తగ్గిస్తే రోగుల గతేంటి?" అని అడుగుతారు. సరైన ప్రశ్న. కానీ కొరత ఎంత ఉందో కూడా మనకు కనిపించకపోవడానికి కారణం ఈ పిల్లల ఒళ్ళే. ముగ్గురు చెయ్యాల్సిన పని ఒక్కడు చేసేస్తుంటే ఫైలులో "సేవలు నిరాటంకం" అని పడుతుంది. సర్వరు వంద శాతం మీద నడుస్తుంటే అలారం ఆపేసినట్టు. గంటలు లెక్కపెట్టడం మొదలుపెడితే, రాతకోతలకు మనుషులు కావాలని, మోతకు మనుషులు కావాలని, ఇంతమంది సీనియర్లు కావాలని అప్పుడు తేలుతుంది. "మా కాలంలో మేం చెయ్యలేదా" అనే పెద్దలకు ఒకటే మనవి, మీరు చేశారు, నిజమే. మీతో చదివినవాళ్ళలో ఎందరు ఇవాళ ఏజెన్సీలో ఉన్నారు? చదువే ఒక శిక్షలాగా గడిచినవాడు, అది అయిపోగానే ఆ చోటు నుంచి వీలైనంత దూరం పోతాడు. మిషిగన్ దాకా పోతాడు.

మనం ఏం చెయ్యగలం? కొన్ని ఉన్నాయి. అమ్మకు ఏదైనా అయితే యాప్ తెరిచి నేరుగా సూపర్ స్పెషలిస్టు అపాయింట్‌మెంటు కొట్టే ముందు, ఊరి దగ్గరున్న ఒక మంచి డాక్టరును ఎంచుకుని అన్ని కవర్లూ ఆయన ముందు పెట్టించండి. దవాఖానలో జూనియర్ మీద అరిచే బంధువుని పక్కకు తీసుకెళ్ళండి. ఎన్నారై మిత్రులు ఊరికి ఏదైనా చెయ్యాలనుకుంటే మిషన్లు కొనివ్వడానికి ఉత్సాహపడతారు, దాని మీద పేరు చెక్కించుకోవచ్చు కాబట్టి. ఈసారి ఒక డ్యూటీ రూము బాగు చేయించండి. నాలుగు మంచాలు, ఒక గడియ, ఒక బాత్రూము, తాగే నీళ్ళు. ఎన్నికలప్పుడు ఎమ్మెల్యే అభ్యర్థి "మన జిల్లాకు కాలేజీ తెచ్చాం" అంటే, "అందులో పాఠం చెప్పేవాళ్ళెందరు, రాత్రి డ్యూటీలో ఎందరు" అని ఒక్కరం అడుగుదాం.

కాలేజీ భవనాలు మనకు వచ్చేశాయి. ఇక అందులో తయారయ్యే డాక్టరును మనిషిలా చూస్తేనే, రేపు ఆయన మన అమ్మా బాపుల్ని మనుషుల్లా చూస్తాడు.

మీలో డాక్టర్లున్న ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ అనుభవం రాయండి. కాలేజీల పేర్లు వద్దు, గంటలు చాలు.